టోంజ్‌లో పాదాలు గీసిన ఫాదర్: ఒక కేస్ స్టడీ

పాదం గీయడం చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాగితం మీద కాలు పెట్టించి చుట్టూ పెన్సిలు తిప్పడమే కదా అనిపిస్తుంది. కుష్ఠు విభాగంలో ఫిజియోథెరపిస్టుగా చేరిన మొదటి నెలలో నేనూ అలాగే అనుకున్నాను. ఒక పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు పాదాలూ గీసి, చెప్పుల గదికి పంపాను. చెప్పులు వచ్చాయి. ఆయన తొడుక్కుని లేచి నిలబడగానే మడమ వేలి మందాన బయటికి వచ్చింది. కూర్చున్నప్పటి పాదం వేరు, ఒంటి బరువు మోస్తున్నప్పటి పాదం వేరు. ఆ సంగతి పదో తరగతి దాటని మా చెప్పుల మేస్త్రీకి తెలుసు, డిగ్రీ పట్టా ఉన్న నాకు తెలియదు.

జాన్ లీ టేసోక్ గురించి చదువుతున్నప్పుడు నేను ఆగిపోయింది కూడా అక్కడే. ఆయన దక్షిణ కొరియా డాక్టరు, సలేసియన్ సభకు చెందిన క్యాథలిక్ గురువు. ఇప్పుడు దక్షిణ సూడాన్‌లో ఉన్న టోంజ్ అనే ఊళ్లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే వెళ్లి పనిచేశారు. ఆయన కథ చెప్పేవాళ్లు ఎక్కువసేపు పిల్లల బ్యాండు గురించి చెబుతారు, కంటతడి పెట్టిస్తారు. ఆయన కుష్ఠు రోగుల పాదాలను ఒక్కొక్కటిగా కాగితం మీద గీసి, ఆ గీతల ప్రకారం చెప్పులు చేయించిన సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నా వృత్తి ఉన్నది ఆ ఒక్క వాక్యంలోనే. అందుకని ఈ కేసును ఆ చెప్పుల వైపు నుంచి రాస్తున్నాను.

నేపథ్యం

ఆయన 1962లో పుసాన్ నగరంలో పుట్టారు. పదిమంది పిల్లల ఇల్లు, ఆయన తొమ్మిదో వాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి కుట్టుపని చేసి అంతమందినీ పెంచింది. 1987లో ఇంజే విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా తీసుకుని, సైన్యంలో డాక్టరుగా పనిచేశారు. అక్కడితో ఆ ఇంటి కష్టం గట్టెక్కిందని ఎవరైనా అనుకుంటారు. ఆయన 1991లో సలేసియన్ సభలో చేరారు. రోములో చదువుకుంటున్న రోజుల్లో, 1999 సెలవుల్లో మొదటిసారి టోంజ్ చూశారు. 2001లో గురుపట్టాభిషేకం అయింది, ఆ ఏడాది చివరికల్లా మళ్లీ టోంజ్‌లో ఉన్నారు, ఈసారి ఉండిపోవడానికి.

టోంజ్ బహ్ర్ ఎల్ ఘజల్ ప్రాంతంలో ఉంది. అక్కడి ప్రజల్లో ఎక్కువమంది డింకా తెగవాళ్లు, ఆవుల మందలే వాళ్ల ఆస్తి, హోదా, పెళ్లి సంబంధం. 1983లో మొదలైన రెండో సూడాన్ అంతర్యుద్ధం 2005 జనవరి శాంతి ఒప్పందం దాకా సాగింది. తుపాకీకి, దానివెంట వచ్చిన ఆకలికి, రోగానికి కలిపి దాదాపు 20 లక్షల మంది పోయారని అంచనా. 1998లో బహ్ర్ ఎల్ ఘజల్‌లో వచ్చిన కరువును ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ మరవలేదు. లీ చేరేనాటికి అక్కడ కరెంటు లేదు, రోడ్డు పేరుకే ఉంది.

ఒక తెలుగు పోలిక చెప్పాలి. గినియా పురుగును మన పల్లెల్లో నారికురుపు అనేవాళ్లు. దిగుడుబావి నీళ్లు తాగిన కాలంలో మన దగ్గరా ఉండేది. 2000 సంవత్సరంలో భారతదేశం దాన్నుంచి విముక్తి పొందిందని ప్రకటించారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 2006లో, ఒక్క దక్షిణ సూడాన్ ప్రాంతంలోనే 20 వేలకు పైగా నారికురుపు కేసులు నమోదయ్యాయి. మందు అక్కర్లేని జబ్బు అది. నీళ్లు గుడ్డతో వడగట్టుకుంటే రాదు. ఆ మాట చెప్పడానికి ఊరూరా ఒక మనిషి వెళ్లగలగాలి, యుద్ధం ఆపేసింది ఆ రాకపోకలనే.

క్లినిక్కులో లెక్క

లీ మొదట చేసిన పనులన్నీ మేస్త్రీ పనులే. సిమెంటు దిమ్మెలతో, ఊరివాళ్ల సాయంతో పన్నెండు గదుల ఆసుపత్రి కట్టారు. సౌర పలకలు బిగించి, టీకాలు పాడవకుండా ఫ్రిజ్ నడిపారు. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బయట ఎండ 40 దాటే చోట, ఆ ఒక్క ఫ్రిజ్ ఆగితే పొలిమేర దాటి టీకా తీసుకెళ్లడం అన్న మాటే ఉండదు. మలేరియా, కలరా, కాన్పులు, తుపాకీ గాయాలు అన్నీ ఆ గుమ్మం ముందుకే వచ్చేవి. రోజుకు 200 నుంచి 300 మంది. రాత్రివేళ తలుపు తట్టినవాళ్లు ఆ లెక్కకు అదనం.

250 మంది అనుకుందాం. డాక్టరు పది గంటలు లేవకుండా కూర్చున్నా మనిషికి రెండున్నర నిమిషాలు కూడా రావు. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో పనిచేసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. చీటీ చూడటం, నాలుక చూడటం, మందు రాయడం, తరువాతివాళ్లు. ఆ వేగంలో పనిచేసే డాక్టరు చెయ్యి క్రమంగా రోగిని తాకడం మానేస్తుంది. ఇది నింద కాదు, నేను రోజూ చూసేదే.

ఇప్పుడు పాదం గీయడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రెండు పాదాలు సరిగా గీసి, ఎక్కడ పుండు ఉందో, ఎక్కడ కాయలు కాశాయో గుర్తుపెట్టి, రోగితో నాలుగు మాటలు మాట్లాడితే పది నిమిషాలు. అంటే క్లినిక్కు లెక్కలో నలుగురు మలేరియా రోగులు. ఏ మేనేజరును అడిగినా ఆ పని నర్సుకో కంపౌండరుకో అప్పగించమంటాడు, లేదా మూడు సైజుల్లో చెప్పులు తెప్పించి పంచేయమంటాడు. లీ ఆ రెండూ చేయలేదు. టోంజ్ దగ్గర్లోని కుష్ఠు రోగుల పల్లెకు స్వయంగా వెళ్లి, నేల మీద కూర్చుని గీశారు. వృత్తిపరంగా ఇది తప్పుడు లెక్కా? చాలాకాలం ఆలోచించాక నేను కాదనే అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు పాదం గురించి చెప్పాలి.

మొద్దుబారిన పాదం

కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని మన ఊళ్లలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రచికిత్సకుడు ఆ నమ్మకం తప్పని చూపించాడు. కుష్ఠు క్రిమి తినేది నరాన్ని. స్పర్శ పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఇసుక కాలినా తెలియదు, చెప్పులోని రాయి సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉన్నా తెలియదు. మామూలు మనిషి కుంటుతాడు, ఆ కుంటడమే పుండును మాన్పుతుంది. ఈ మనిషి కుంటడు. పుండు మీదే నడుస్తాడు. పుండు ఎముకదాకా పోతుంది, ఎముక అరిగి వేలు పొట్టిదవుతుంది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో క్రిమి చచ్చిపోతుంది. మచ్చలు తక్కువున్నవాళ్లకు 6 నెలలు, ఎక్కువున్నవాళ్లకు 12 నెలలు. మందు పూర్తయితే ఆ మనిషి నుంచి రోగం ఇంకొకరికి అంటదు. కానీ చచ్చిపోయిన నరం తిరిగి బతకదు. రికార్డులో 'నయమైంది' అని రాసిన మనిషి మిగిలిన జీవితమంతా మొద్దుబారిన పాదాలతో నడవాలి. టోంజ్ లాంటి చోట ఆ నడక ఉత్త కాళ్లతో, తుమ్మముళ్ల మీద, కాలే ఇసుక మీద, కిలోమీటర్ల దూరం. నయమైన రోగానికి మిగిలిన మందు చెప్పు ఒక్కటే.

అది బజారులో దొరికే చెప్పు కాదు. బొటనవేలి సందులో పట్టీ ఉండకూడదు, స్పర్శ లేని వేళ్ల మధ్య అది కోసేస్తుంది. పైగా వంకర తిరిగిన వేళ్లు దాన్ని పట్టుకోలేవు, వేళ్లే లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వెనక మడమ చుట్టూ పట్టీ ఉండాలి, లేకపోతే చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, ఒంటి చెప్పుతో ఇంటికి వస్తాడు. అడుగున మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు. అరిగేకొద్దీ మేకు పైకి లేస్తుంది, ఆ సంగతి తెలిసేది మేజోడు నెత్తురుతో తడిశాకే. మన దగ్గర వాడే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పుల్లో లోపలి పొర మెత్తటి గాలిబుడగల రబ్బరు, అడుగు గట్టి రబ్బరు. ముల్లు కింది పొరలో ఆగిపోవాలి, బరువు పై పొరలో పరుచుకోవాలి.

ఇంతా చేసి సైజు తప్పితే, చెప్పే పుండు చేస్తుంది. అందుకే కాగితం.

కాగితం మీద ఏం జరుగుతుంది

మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఇది. గట్టి నేల మీద దళసరి కాగితం పరుస్తాం. మనిషి రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడాలి, కర్ర ఉంటే కర్ర పట్టుకునే. పెన్సిలును నిలువుగా సగానికి చీలుస్తాం. చీల్చిన బల్లపరుపు వైపు పాదానికి ఆనించి తిప్పితే గీత పాదం అంచునే వస్తుంది. గుండ్రటి పెన్సిలు లోపలికి వాలిందంటే గీత పాదం కిందికి దూరుతుంది, చెప్పు బిగుతవుతుంది. బయటికి వాలితే చెప్పు వదులై పాదం అందులో ఈదుతుంది, రాపిడికి బొబ్బలెక్కుతుంది. మడమ దగ్గర మొదలుపెట్టి, బయటి అంచు మీదుగా వేళ్ల చుట్టూ తిరిగి, లోపలి వంపు దగ్గర పెన్సిలును తిన్నగా నిలిపి మడమకు చేరాలి. లేని వేలును ఊహించి గీయకూడదు. పాత పుండు మచ్చలకు ఇంటూ గుర్తు, పట్టీ ఆనకూడని చోట గీత.

ఇదంతా చేయాలంటే చెయ్యి పాదాన్ని పట్టుకోవాలి. మడమను, వేళ్ల మొదళ్లను, పుండు పక్క చర్మాన్ని. లీ గీసిన చోట, తమ ఊళ్లోకి రానివ్వని, ఎవరూ ముట్టని మనుషులు ఉండేవాళ్లు. ఆ పల్లెలో డాక్టరు నేల మీద కూర్చుని ఒకరి కాలు చేతిలోకి తీసుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు. అంటదని ఉపన్యాసం చెప్పక్కర్లేదు. పైగా పట్టుకుంటేనే మనకు తెలిసేవి కొన్ని ఉన్నాయి. రెండో పాదంకన్నా ఒక పాదం వేడిగా ఉంటే లోపల ఎముక విరుగుతోందని అనుమానించాలి. మనిషికి నొప్పి లేదు కాబట్టి తను చెప్పడు. ఎక్స్‌రే లేని చోట డాక్టరు అరచెయ్యే ఎక్స్‌రే. నలుగురు మలేరియా రోగుల సమయాన్ని ఒక జత పాదాలకు ఇవ్వడం తప్పుడు లెక్క కాదని నేను అనేది ఇందుకే. గీత గీయడంలోనే పరీక్ష అయిపోతోంది. ఆ కాగితం నర్సుకు అప్పగించి ఉంటే చెప్పు వచ్చేది, పరీక్ష పోయేది.

మన దగ్గర దీనికి ఎదురు అనుభవం నాకుంది. ఒకసారి మా శిబిరానికి ఒకే అచ్చులో పోసిన చెప్పులు మూటలుగా వచ్చాయి. 6, 7, 8 సైజులు. ఫొటోలు తీశారు, పంచారు, వెళ్లిపోయారు. రెండు నెలల తర్వాత ఇంటింటికీ వెళ్లి చూస్తే చాలా జతలు చూరులో ఉన్నాయి. ఒకావిడ మాత్రం నిజం చెప్పింది: "అవి చూస్తేనే మా రోగం ఏమిటో ఊరంతా తెలిసిపోతుంది బాబూ. పెళ్లికెలా వేసుకెళ్లను?" మేం అప్పటిదాకా కొలత గురించే బెంగపడ్డాం, రూపు గురించి ఆలోచించలేదు. ఆ తర్వాత మేస్త్రీ పట్టీల రంగు మార్చాడు, బజారు చెప్పుల్లా నల్లటి తోలు పెట్టాడు. వేసుకునేవాళ్లు పెరిగారు.

బ్యాండు గురించి

దీని గురించి చాలామంది చెప్పారు కాబట్టి త్వరగా దాటేస్తాను. వాయిద్యాలు తెప్పించి, తను ముందు నేర్చుకుని, 35 మంది పిల్లలకు నేర్పారు. వాళ్లలో తుపాకీ పట్టిన పిల్లలూ ఉన్నారు. బడి కట్టి లెక్కలు, సంగీతం చెప్పారు. జాన్ లీ అన్న పేరును పిల్లలు కలిపేసి 'జాలీ' అని పిలిచేవాళ్లు. పునరావాసం చేసేవాడిగా నాకు కనిపించేది ఒక్కటి: క్లారినెట్ పట్టాలంటే రెండు చేతులూ కావాలి, పక్కవాడి ఊపిరి వినాలి. ఆ పని తుపాకీ నేర్పదు.

ఈ కేసులో నాకు నచ్చనివి

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. ఇసబెల్ కెర్ డాక్టరు, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు బోధకుడు. మందు ఆమెది, ప్రార్థన ఆయనది. టోంజ్‌లో ఆ రెండు పాత్రలూ ఒకే మనిషిలో ఉన్నాయి. మందిచ్చే చెయ్యి, ప్రార్థన చేసే నోరు ఒకరివే అయినప్పుడు, వేరే దారి లేని రోగికి కాదనే స్వేచ్ఛ ఎంత? లీ ఎవరినీ ఒత్తిడి చేశారని నేను అనడం లేదు. ఆ అమరికలోనే ఉన్న చిక్కు ఇది. ఏ మతం ఆసుపత్రి అయినా, ఏ పార్టీ వైద్య శిబిరమైనా ఈ ప్రశ్న వేసుకోవలసిందే.

అంతకన్నా పెద్దది ఇంకొకటి. ఆసుపత్రి, ఫ్రిజ్, బడి, బ్యాండు, చెప్పులు అన్నీ ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. 2008 నవంబరులో ఆయన సెలవు మీద కొరియా వెళ్లారు. అక్కడ చేయించుకున్న పరీక్షల్లో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, అప్పటికే చివరి దశ. మళ్లీ టోంజ్ వెళ్లలేదు. 2010 జనవరి 14న, 47 ఏళ్ల వయసులో చనిపోయారు. రోజుకు రెండు మూడు వందల మందిని చూసిన డాక్టరు తన ఒంటికి ఇచ్చుకున్న సమయం ఎంత? మారుమూల పనిచేసే డాక్టర్లను, ముఖ్యంగా సన్యాసం తీసుకున్నవాళ్లను, పంపే సంస్థలు ఏటా బలవంతంగా వెనక్కి పిలిచి పరీక్ష చేయించాలని నా అభిప్రాయం. త్యాగం అన్న మాట ఇలాంటి చోట పనికిరాదు. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఎన్ని పాదాలు గీసేవారో లెక్కపెట్టుకుంటే నాకు కోపమే వస్తుంది.

అయితే ఒక విషయంలో ఆయన ముందే చూశారు. టోంజ్ బడి పిల్లల్లో ఇద్దరిని కొరియాకు వైద్యం చదవడానికి పంపే ఏర్పాటు తను ఉండగానే చేశారు. వాళ్లు 2009 చివర్లో బయల్దేరారు. ముందు కొరియా భాష నేర్చుకున్నారు, తర్వాత ఆయన చదివిన ఇంజే వైద్య కళాశాలలోనే చేరారు. ఈలోగా 2011లో దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమైంది, 2013లో మళ్లీ అంతర్యుద్ధంలో పడింది. ఇద్దరూ డాక్టర్లయ్యారు. 2024లో ఒకరు సర్జరీలో, ఒకరు ఇంటర్నల్ మెడిసిన్‌లో స్పెషలిస్టు పరీక్షలు గట్టెక్కారు. బయల్దేరిన రోజు నుంచి పద్నాలుగేళ్ల పైమాటే.

చెప్పుల ఆయుష్షు వేరు. రోజూ నడిచే మనిషి కాలికి ఎంసీఆర్ చెప్పులు ఏడాది వస్తే గొప్ప. ఈలోపు పాదం కూడా మారుతుంది, పుండు మానితే ఒక రకంగా, మానకపోతే ఇంకో రకంగా. పాత గీత మీద కొత్త చెప్పు కుట్టకూడదు. అందుకే మా గదిలో బీరువా నిండా కాగితాలు, ఒక్కో మనిషికి ఒక్కో కట్ట, ఏడాదికొకటి.

మొదటి నెలలో నేను కూర్చోబెట్టి గీసి పాడుచేసిన పెద్దాయన చాలా ఏళ్లు మా దగ్గరికి వచ్చారు. చివరిసారి నిలబెట్టి గీస్తుంటే, "మళ్లీ ఎందుకు బాబూ, పోయినేడు గీసిందే ఉంది కదా" అన్నారు. కట్టలోంచి పాత కాగితం తీసి కొత్తదాని మీద పెట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, చిటికెన వేలి దగ్గర తప్ప. ఆయన కాసేపు చూసి, వంకర వేళ్ల మధ్య పెన్సిలు ఇరికించుకుని, కొత్త కాగితం మీద ఆ చోట తనే ఇంటూ గుర్తు పెట్టారు.